గొట్టింగెన్ ఊరూ, తోడేలు కథా

పిల్లలూ! ఈ నెల మిమ్మల్ని ఒక దూరపు ఊరికి తీసుకుపోతాను. దాని పేరు గొట్టింగెన్. జర్మనీ దేశపు పటం తీసి నడిమధ్యన వేలు పెట్టండి. ఆ ఊరు మీ వేలికిందనే ఎక్కడో ఉంటుంది. అక్కడ పెద్ద కొండలు లేవు, సముద్రం లేదు. లైనె అని ఒక చిన్న నది మాత్రం ఉంది. మన కృష్ణ కాలవలో పెరిగినవాళ్ళు దాన్ని చూసి, ఇదా నది, అని నవ్వుతారు. వీటికోసం ఎవరూ అంతదూరం పోరు. నేను పోయింది మా అమ్మాయి ఇంటికి. కాని నా మనసులో ఇంకొక పని కూడా ఉంది. మా అక్క నన్నొక ప్రశ్న అడిగింది. దాని జవాబులో సగం ఆ ఊళ్ళో దొరికిందని తెలిసి, ఆ చోటు ఒకసారి కళ్ళారా చూడాలని బుద్ధి పుట్టింది.

నేను ముప్ఫై నాలుగేళ్ళు బడిపంతులుగా పనిచేశాను. అందులో చివరి తొమ్మిదేళ్ళు హెడ్మాస్టరును. హెడ్మాస్టర్లకు ఒక జబ్బు ఉంటుంది. ఎవరేమడిగినా తెలియదనడానికి వాళ్ళకు నోరు రాదు. ఆరోజు అక్క అడిగినప్పుడు మాత్రం నా నోట మాట పెగల్లేదు. ముందు ఆ సంగతి చెబుతాను.

మా అక్కది తెనాలి. నాకంటే అయిదేళ్ళు పెద్దది. 2021 సంక్రాంతి నాటికి ఆమె మెడకింద గడ్డలు లేచాయి. అది లింఫోమా అనే క్యాన్సరు అని డాక్టర్లు తేల్చారు. మూడు వారాలకొకసారి చొప్పున ఆరుసార్లు మందు ఎక్కించాలన్నారు. ఆ మందుల్లో ఒకటి ఎర్రగా ఉంటుంది. ఇంకొకటి, మీరు నమ్మండి నమ్మకపొండి, బిళ్ళగన్నేరు మొక్కలోంచి తీసినది. దాని పేరు విన్‌క్రిస్టిన్. మన పెరళ్ళలో ఎవరూ పాదు చెయ్యకుండానే పూస్తుందే, అదే మొక్క! అక్క ఈ మాట విన్నరోజునే రెండు మొక్కలు తెప్పించి వరండాలో పెట్టించుకుంది.

నాలుగోసారి మందు పెట్టిన తొమ్మిదోరోజున ఉగాది వచ్చింది. అది 2021 ఏప్రిల్ 13వ తేదీ. అప్పటికి కోవిడ్ రెండోసారి విరుచుకుపడుతున్నది. అయినా, పండగపూట అక్క నోట ఉగాది పచ్చడి పడకపోతే ఎల్లా అని గిన్నెతో తీసుకుపోయాను. మొహానికి మాస్కు కట్టుకున్నాను. కాని కళ్ళజోడు అద్దాలకు ఆవిరి పడుతున్నదని దాన్ని ముక్కు కిందికి లాగాను. కిటికీలు మూసి ఉన్న గదిలో అక్క ఎదురుగా ఇరవై నిమిషాలు కూచుని కబుర్లు చెప్పి వచ్చాను.

పదిహేనో తేదీ సాయంకాలం నాకు జ్వరం తగిలింది. పద్ధెనిమిదిన అక్కకు తగిలింది. నాకు మూడోరోజుకల్లా తగ్గింది. అక్క ఇరవై నాలుగు రోజులు ఆస్పత్రిలో ప్రాణవాయువు పెట్టించుకుని పడుకున్నది. ఇంటికి వచ్చాక కూడా పరీక్ష చేసినప్పుడల్లా వైరస్ ఉన్నదనే వచ్చేది. రెండు నెలలు అల్లాగే గడిచింది. అన్నాళ్ళూ క్యాన్సరు మందు ఆగిపోయింది. వైరస్ నా వల్లనే వచ్చిందో, పాలు పోసే కుర్రవాడి వల్ల వచ్చిందో తేల్చే మార్గం లేదు. అక్క ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు. కాని ఒకరోజు ఫోనులో ఇల్లా అడిగింది:

"ఒరే తమ్ముడూ, ఆ పురుగు నిన్ను మూడురోజుల్లో వదిలిపెట్టిందే, నన్ను మాత్రం రెండు నెలలు ఎందుకు పట్టుకున్నదిరా? నా ఒంటికి ఉన్న తలుపులు నీ తలుపులకంటే పెద్దవా?"

ఇదీ ప్రశ్న.

ఇక ప్రయాణం. 2024 జూన్‌లో నేనూ మా ఇంటావిడా ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం దిగి రైలెక్కాము. గొట్టింగెన్ అక్కడికి సుమారు రెండు గంటల దారి. ఆ రైలు చాలా జోరుగా పోతుంది. దారిపొడుగునా సొరంగాలే. వెలుగులో గోధుమచేలు కనిపిస్తాయి, ఇంతలో చీకటి, మళ్ళీ ఒక ఎర్రపెంకుల పల్లె, మళ్ళీ చీకటి. మా ఇంటావిడ మొదటి నాలుగు సొరంగాలూ లెక్కపెట్టి, తరువాత నిద్రపోయింది.

గొట్టింగెన్‌లో సుమారు లక్షా ఇరవైవేలమంది జనం ఉంటారు. మా తెనాలికంటే చిన్నదన్నమాట. కాని అందులో ప్రతి నలుగురైదుగురిలో ఒకరు విద్యార్థి. ఎక్కడ చూసినా సైకిళ్ళే. ఊరి నడుమ పాత టౌనుహాలు ముందు ఒక ఫౌంటెను ఉంది. దాని మీద బాతులను పట్టుకున్న పల్లెపడుచు కంచు విగ్రహం ఉంది. 1901లో పెట్టారు. విశ్వవిద్యాలయంలో డాక్టరేటు వచ్చిన ప్రతివాళ్ళూ ఫౌంటెను ఎక్కి, ఆ పిల్లకు పూలగుత్తి ఇచ్చి, బుగ్గన ముద్దుపెట్టాలి. అది అక్కడి ఆచారం. 1926లో ఊరి అధికారులు, ఇదేం అల్లరి, అని దీన్ని నిషేధించారట. నిషేధం కాగితం మీద ఉండిపోయింది, ముద్దులు మాత్రం ఆగలేదు. మేము చూస్తుండగానే ఒక అమ్మాయి నల్లటోపీ పెట్టుకుని, నీళ్ళలో జారుతూ పైకెక్కింది. వాళ్ళ నాన్నగారు కింద నిలబడి, పడిపోతావేమో అని ఒకటే గాభరా పడుతున్నాడు. నాన్నలు ఏ దేశంలోనైనా ఒకటే.

పాత ఊరి చుట్టూ మట్టికట్ట ఒకటి ఉంది. ఒకప్పుడు అది కోటగోడ. ఇప్పుడు దాని మీద చెట్లు పెరిగాయి, జనం షికారు తిరుగుతారు. పొద్దున్నే నేనూ మా మనవరాలు హాసినీ దాని మీద నడిచేవాళ్ళం. హాసినికి తొమ్మిదేళ్ళు. అక్కడి బళ్ళోనే చదువుతున్నది. కట్ట పక్కన ఒకచోట ఇద్దరు పెద్దమనుషుల విగ్రహం ఉంది. కూచున్నాయన గౌస్, నిలుచున్నాయన వెబర్. 1833లో వీళ్ళిద్దరూ ఊరి ఇళ్ళకప్పుల మీదుగా కిలోమీటరు పైగా తీగ లాగి, దాని గుండా ఒకరికొకరు కబుర్లు పంపుకున్నారు. లెక్కల మాస్టర్లకు గౌస్ అంటే దేవుడితో సమానం. నేను చెప్పులు విడిచి దణ్ణం పెట్టాను. హాసినికి సిగ్గువేసి దూరంగా నిలబడింది.

ఆ ఊళ్ళోనే కొన్నాళ్ళు గ్రిమ్ సోదరులు కూడా ఉండేవారు. కథలు పోగుచేసిన గ్రిమ్‌లే! వాళ్ళు ఇక్కడ ప్రొఫెసర్లు. 1837లో అక్కడి రాజు రాజ్యాంగాన్ని రద్దుచేస్తే, తప్పు అని సంతకం పెట్టిన ఏడుగురు ప్రొఫెసర్లలో వీళ్ళిద్దరూ ఉన్నారు. రాజు ఏడుగురి ఉద్యోగాలూ ఊడబెరికాడు. కథలు రాసుకునేవాళ్ళు మెత్తనివాళ్ళని అనుకోకండి.

అంతకు చాలాముందే, 1812లో, వాళ్ళు అచ్చువేసిన పుస్తకంలో తోడేలూ ఏడు మేకపిల్లలూ అనే కథ ఉంది. హాసిని దాన్ని బళ్ళో చదివింది. కట్టమీది బెంచీ మీద కూచుని నాకు చెప్పింది.

తల్లిమేక మేతకు పోతూ, తోడేలు వస్తుంది, తలుపు తియ్యకండి అని పిల్లలకు చెప్పి పోయింది. తోడేలు వచ్చి తలుపు కొట్టింది. గొంతు బొంగురుగా ఉన్నదని పిల్లలు తియ్యలేదు. అది పోయి సుద్ద తిని, గొంతు సన్నం చేసుకుని వచ్చింది. కిటికీలో దాని నల్లకాలు కనిపించింది. పిల్లలు మళ్ళీ తియ్యలేదు. అప్పుడు తోడేలు రొట్టెల దుకాణంవాడి చేత కాలికి పిండిముద్ద రాయించుకుంది. తరువాత పిండిమర ఆసామి దగ్గిరికి పోయి, దాని మీద తెల్లపిండి చల్లమన్నది. ఆసామికి అనుమానం వేసింది. చల్లకపోతే నిన్నే తినేస్తానన్నది తోడేలు. అతను భయపడి చల్లాడు. తెల్లటి కాలు చూసి, అమ్మే వచ్చిందని పిల్లలు తలుపు తీశాయి.

"తాతయ్యా, తలుపు తీసింది మేకపిల్లలు. అయినా నాకు ఆ పిండిమర తాతమీదనే కోపం," అన్నది హాసిని.

నేను బెంచీ మీంచి లేచి కూచున్నాను. ఎందుకంటే, నేను ఏ సంగతి కోసం ఆ ఊరు వచ్చానో, ఆ పిల్ల సరిగ్గా ఆ సంగతే చెప్పింది.

మర్నాడు మేమిద్దరం సిటీబస్సెక్కి ఊరి ఉత్తరపు కొసకు పోయాము. అక్కడ జర్మను ప్రైమేట్ సెంటరు ఉంది. అంటే కోతిజాతుల మీద పరిశోధన చేసే సంస్థ. 1977లో పెట్టారు. లోపలికి పోవడానికి మాకు అనుమతి లేదు. గేటు బయటనే నిలబడి చూశాము. చెట్లు, మామూలు కట్టడాలు, సైకిళ్ళు పెట్టే షెడ్డు. ఏమీ వింతగా లేదు. హాసిని మొహం చిన్నబుచ్చుకుంది. కోతులైనా కనబడతాయనుకుంది పాపం. అప్పుడు గేటుకు ఎదురుగా గడ్డిమీద కూచుని, లోపల ఏం జరిగిందో దానికి చెప్పాను. అదే మీకూ చెబుతాను.

2020 జనవరిలో చైనా శాస్త్రజ్ఞులు కొత్త వైరస్ జన్యువుల రాతను ప్రపంచానికి వెల్లడించారు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 5న, ఈ గేటు లోపల పనిచేసే స్టెఫాన్ పోల్‌మన్, మార్కుస్ హోఫ్‌మన్ అనేవారూ, వారి సహచరులూ కలిసి, ఆ వైరస్ మన కణంలోకి ఏ దారిన దూరుతుందో ప్రకటించారు.

వైరస్ ఎంత చిన్నదంటే, పదివేల వైరస్‌లను వరసగా పేర్చితే ఒక మిల్లీమీటరు. దాని ఒంటినిండా ముళ్ళుంటాయి. మన ఊపిరితిత్తుల్లోనూ, ముక్కులోనూ కొన్ని కణాల మీద ఏస్-2 అనే ఎంజైము ఉంటుంది. అది ఉన్నది వైరస్ కోసం కాదు. రక్తపు పోటును అదుపులో పెట్టడం దాని పని. వైరస్ తన ముల్లును ఈ ఏస్-2కు తగిలిస్తుంది. కథలో తోడేలు కిటికీలో కాలు పెట్టింది చూశారా, ఇది అదీ. 2003లో వచ్చిన సార్స్ వైరస్ కూడా ఈ కిటికీనే పట్టుకున్నదని ఆ యేడే కనిపెట్టారు.

కాని కాలు పెట్టినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. ముల్లు లోపల ఒక స్ప్రింగులాటిది మడిచి ఉంటుంది. దానిమీద ఒర ఉంటుంది. ఎవరైనా ఆ ఒరను సరైన చోట కత్తిరించాలి. అప్పుడు స్ప్రింగు విచ్చుకుని, వైరస్ పొరనూ మన కణం పొరనూ దగ్గిరికి లాగి ఒకటి చేస్తుంది. లోపలి సరుకు కణంలో పడుతుంది. ఈ వైరస్ దగ్గర కత్తెర లేదు. కత్తెర మనది!

ఇక్కడ కాస్త ఆగుదాం. ఎంజైమంటే ఏమిటో తెలియకుండా ముందుకు పోతే లాభం లేదు. మా బళ్ళో నేను పిల్లల చేత తలా ఒక అన్నం ముద్ద నమిలించేవాణ్ణి. మింగకుండా నూరుసార్లు నమలమనేవాణ్ణి. కాసేపటికి నోట్లో తియ్యగా అవుతుంది. ఉమ్మిలో ఉండే ఎంజైము అన్నంలోని పిండిని కత్తిరించి చక్కెర చేస్తుంది. కొన్ని ఎంజైములు మాంసకృత్తులను కత్తిరిస్తాయి. మీ అమ్మ మాంసం మెత్తగా ఉడకడానికి పచ్చిబొప్పాయి ముక్క వేస్తుందే, అందులో ఉన్నది అల్లాటి కత్తెరే. పప్పు తింటే పొట్టలో అరిగించే ట్రిప్సిన్ కూడా అల్లాటిదే. ట్రిప్సిన్‌కు 1876లో ఆ పేరు పెట్టినవాడు క్యూనె అనే జర్మను శాస్త్రజ్ఞుడు. ఎంజైము అనే మాట పుట్టించింది కూడా ఆయనే. ఆయన కుర్రతనంలో ఈ గొట్టింగెన్‌లోనే వోలర్ అనే మహానుభావుడి దగ్గర రసాయనశాస్త్రం చదువుకున్నాడు. వోలర్ విగ్రహం కూడా ఊళ్ళో ఉంది. దానికీ దణ్ణం పెడదామంటే హాసిని వద్దని చెయ్యి పట్టుకు లాగింది.

సరే, మన కథలోని కత్తెర పేరు టి.ఎం.పి.ఆర్.ఎస్.ఎస్.2. పేరు చూసి భయపడకండి, అది ట్రిప్సిన్‌కు దాయాదే. కణం పొరలో వేరు దించుకుని, బయటికి తల పెట్టి ఉంటుంది. ఏస్-2 పట్టుకున్న వైరస్ ముల్లును ఇది కత్తిరిస్తుంది. పాపం, దానికి తోడేలూ తెలియదు, మేకపిల్లలూ తెలియవు. కత్తిరించదగిన చోటు ఎదురుగా వస్తే కత్తిరిస్తుంది, అంతే. ఇదే మన పిండిమర ఆసామి. ఇక రొట్టెల దుకాణంవాడు కూడా ఉన్నాడు. వాడి పేరు ఫ్యూరిన్. వైరస్ ఒక కణంలో తయారై బయటపడకముందే ఫ్యూరిన్ దాని ముల్లును ఇంకొక చోట కాస్త కోసి పంపుతుంది. 2003 నాటి సార్స్ వైరస్‌కు ఈ సాయం దొరకలేదు.

ఈ సంగతి ఎల్లా తేల్చారో వినండి. అసలు వైరస్‌తో చెలగాటం ప్రమాదం గదా! అందుకని పశువులకు వచ్చే ఒక వైరస్‌ను తీసుకుని, దాని ముళ్ళు తీసేసి, కరోనా ముళ్ళు తొడిగారు. మన ఊళ్ళలో పగటివేషగాళ్ళు వచ్చేవారు. మొహానికి రంగువేసుకున్న పులి కరవదు. ఇదీ అల్లాటి వేషమే. ఈ వేషం వైరస్‌ను పళ్ళేల్లో పెంచిన మనిషి ఊపిరితిత్తుల కణాల మీద వదిలారు. అది దూరింది. తరువాత కమోస్టాట్ అనే మందు కలిపి వదిలారు. ఈ మందు ఆ కత్తెర నోటికి అడ్డుపడుతుంది. జపానులో క్లోమం వాచినవాళ్ళకు ఎన్నో ఏళ్ళుగా ఇస్తున్నారు. మందు కలిపాక దూరడం బాగా తగ్గింది. అసలు వైరస్‌తో చేసి చూసినా అల్లాగే జరిగింది.

"అయితే ఆ మందు అందరికీ ఇచ్చేస్తే సరి!" అన్నది హాసిని.

అందరూ అల్లాగే అనుకున్నారు. కాని పళ్ళెంలో కణం వేరు, మంచంమీది మనిషి వేరు. డెన్మార్కులోనూ ఇతర దేశాలలోనూ ఆస్పత్రుల్లో ఉన్న రోగులకు ఇచ్చి చూశారు. వాళ్ళు త్వరగా కోలుకోలేదు. రోగి ఆస్పత్రికి వచ్చేసరికి తోడేలు ఎప్పుడో ఇంట్లో ఉంటుంది. అప్పుడు పిండిమర మూయించి ఏం లాభం?

పైగా ఈ ఇంటికి పెరటిగుమ్మం కూడా ఉంది. కత్తెర లేని కణాలు వైరస్‌ను ఒక తిత్తిలో పెట్టి మింగుతాయి. ఆ తిత్తిలో పులుపు ఉంటుంది, కథెప్సిన్-ఎల్ అనే ఇంకొక కత్తెర ఉంటుంది. ఇది మన బొప్పాయి కత్తెరకు చుట్టం. ఇది కోసినా వైరస్ లోపలికి పోతుంది. మీకు జ్ఞాపకం ఉండదు, మీ నాన్నగారికి ఉంటుంది. 2020లో జనం మందుల షాపుల మీదపడి మలేరియా మాత్రలు కొన్నారు. ఆ జాతి మాత్రలు తిత్తిలో పులుపును తగ్గిస్తాయి. కోతి మూత్రపిండాల కణాల్లో అవి వైరస్‌ను ఆపాయి. మనిషి ఊపిరితిత్తుల కణాల్లో ఆపలేదు, ఎందుకంటే అక్కడ వీధిగుమ్మం తెరిచే ఉంది. ఈ తేడా చూపించింది కూడా ఈ గొట్టింగెన్ వాళ్ళే, 2020 జులైలో. మరి 2021 చివర వచ్చిన ఒమిక్రాన్ వీధిగుమ్మం కంటే పెరటిగుమ్మాన్నే ఎక్కువగా వాడుకుంది. తోడేలుకు తెలివి ఉందని నేననను. లక్షలకొద్దీ తోడేళ్ళు ఒక్కొక్కటి ఒక్కొక్క దారిన పోతే, ఏ ఒకదానికో దారి దొరుకుతుంది.

పోనీ ఆ కత్తెర అసలు మనకెందుకు? ఈ ఎంజైము బొత్తిగా లేని ఎలకలను పెంచి చూశారు. అవి మామూలుగానే పెరిగాయి, పిల్లలను పెట్టాయి. పైగా కొన్ని రకాల ఫ్లూ వైరస్‌లు వాటిని ఏమీ చెయ్యలేకపోయాయి. ఫ్లూ ముల్లును కూడా ఈ కత్తెర కోస్తుందని, గొట్టింగెన్‌కు అట్టే దూరం కాని మార్‌బుర్గ్ ఊళ్ళో 2006లోనే చెప్పారు.

ఇక అక్క ప్రశ్నకు వద్దాం. ఆమె తలుపులు నా తలుపులకంటే పెద్దవా?

ఈ కత్తెరకూ క్యాన్సరుకూ నిజంగా ఒక లంకె ఉంది. కాని అది అక్క క్యాన్సరు కాదు. మగవాళ్ళకు పెద్దవయసులో వచ్చే ప్రోస్టేటు క్యాన్సరు. అరుల్ చిన్నయ్యన్ అనే శాస్త్రజ్ఞుడూ, అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలోని ఆయన బృందమూ, 2005లో ఒక వింత చూశారు. ఈ ఎంజైమును తయారుచేసే జన్యువు విరిగి, ఇంకొక జన్యువుకు అతుక్కుపోతుంది. ఆ క్యాన్సర్లలో సుమారు సగంలో ఇదే కనబడుతుంది. పురుష హార్మోను ఈ జన్యువును రెచ్చగొడుతుంది. అందుచేత 2020లో కొందరికి ఆశ పుట్టింది. హార్మోనును అణిచే క్యాన్సరు మందు ఇస్తే ఊపిరితిత్తుల్లో కత్తెరలు తగ్గి, కోవిడ్ తగ్గుతుందేమోనని. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రులలో ఇచ్చి చూశారు. ఉపయోగం కనబడలేదు. ఇల్లాటివి చదివి నీరుకారిపోకండి. ఇచ్చి చూశారు కనకనే గదా లేదని తెలిసింది!

మరి అక్క సంగతి? ఆమె తలుపులు నా తలుపులాటివే. తేడా తలుపుల్లో లేదు, ఇంటి లోపల ఉంది.

మీ ఇంట్లోకి దొంగ దూరాడనుకోండి. లోపల నలుగురు మనుషులుంటే పట్టుకుంటారు. నాకు అల్లాగే జరిగింది. క్యాన్సరు కణాలు తెంపులేకుండా పెరుగుతాయి. మందు, త్వరత్వరగా పెరిగే కణాలను వెతికి చంపుతుంది. కాని మన ఎముకల మూలుగలో తెల్లరక్తకణాలు కూడా రోజూ త్వరత్వరగా పుడుతుంటాయి. మందుకు తనవాళ్ళు పరవాళ్ళు తెలియదు. వాటినీ కొడుతుంది. జుట్టు రాలేదీ ఇందుకే. మందు పెట్టిన వారం మొదలు రెండు వారాల లోపల తెల్లకణాలు బాగా అడుగంటుతాయి. తరువాత మళ్ళీ పుట్టుకొస్తాయి.

వారం మొదలు రెండు వారాలు. నేను గిన్నె పట్టుకుపోయింది తొమ్మిదోరోజు.

అక్క జబ్బు ఇంకొక మెలిక పెట్టింది. లింఫోమా అంటేనే తెల్లకణాలలో ఒక తెగ చెడడం. వైరస్ మీద ప్రతిరక్షకాలను తయారుచేసేది ఆ తెగే. చెడ్డవాటిని చంపే మందు, ఆ తెగలోని మంచివాటినీ తుడిచిపెడుతుంది. అది మళ్ళీ తలెత్తడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో టీకా వేసినా ఒంటికి సరిగా పట్టదు. వైరస్ లోపల చేరితే తరిమేవాళ్ళు ఉండరు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 71 ఏళ్ళ ఆవిడ ఒకరికి రక్తపు క్యాన్సరు ఉంది. ఆమె ఒంట్లోంచి డెబ్బైరోజుల దాకా బతికి ఉన్న వైరస్ బయటికి వచ్చిందని 2020లో డాక్టర్లు రాశారు. కోవిడ్ లక్షణాలు మాత్రం ఆమెకు ఏవీ లేవు! ఇది చదివినరోజున నాకు అక్క రెండు నెలల లెక్క అర్థమయింది.

2020 వసంతంలో ఇంగ్లండు డాక్టర్లు కోవిడ్ సోకిన 800 మంది క్యాన్సరు రోగుల లెక్క తీశారు. 226 మంది చనిపోయారు. ఇది చిన్న సంఖ్య కాదు. మీ దగ్గర దాచను. కాని అదే లెక్కలో ఇంకొక సంగతి ఉంది. ముసలితనమూ, గుండెజబ్బులాటివీ ఎక్కువ హాని చేశాయి గాని, నాలుగు వారాల లోపల కీమో తీసుకున్నందువల్ల చావులు పెరిగినట్టు తేలలేదు. కనక కోవిడ్‌కు భయపడి క్యాన్సరు మందు మానమని డాక్టర్లు అనలేదు. రక్తపు క్యాన్సర్ల వాళ్ళను మాత్రం మరింత జాగ్రత్తగా చూడాలని తరువాతి లెక్కలు చెప్పాయి. ఇప్పుడు టీకాలు వచ్చాయి, వైరస్ కూడా మారింది, ఆనాటి సంఖ్యలు ఈనాటివి కావు. కాని తెల్లకణాలు అడుగంటే ఆ రోజులు ఇప్పటికీ ఆ రోజులే. అప్పుడు మామూలు జలుబు కూడా మామూలుది కాదు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అల్లాటి అమ్మమ్మ ఉంటే, ఏయే రోజులు అల్లాటివో అడిగి తెలుసుకోండి. నేను అడగలేదు.

గేటు దగ్గిరి నుంచే అక్కకు ఫోను చేశాను. అక్కడ మధ్యాహ్నం, తెనాలిలో సాయంకాలం. అక్క మందు మిగిలిన రెండు విడతలూ ఆ యేడు శ్రావణంలోపల పూర్తయ్యాయి. మూడేళ్ళయింది, గడ్డలు మళ్ళీ లేవలేదు. ఆరునెలలకొకసారి పరీక్షకు పోతుంది. తలుపులూ, కత్తెరలూ, పిండిమరా అన్నీ చెప్పాను. మధ్యలో హాసిని ఫోను లాక్కుని తోడేలు గొంతు పెట్టి వినిపించింది.

అంతా విని అక్క అన్నది: "అయితే నా తలుపులు మంచివేనంటావు."

"మంచివే అక్కా. నా తలుపులాటివే."

"మరి ఆ పిండిమరవాణ్ణి ఇంతమంది పండితులూ కలిసి ఏమీ చెయ్యలేకపోయారుట్రా?"

"ఇంకా చూస్తున్నారక్కా."

"చూడనీ. ఈలోపల నువ్వు ముక్కు మూసుకుని రా," అన్నది.

మూడేళ్ళలో ఆ ఉగాది మాట అక్క ఎత్తడం అదే మొదటిసారి. హాసిని ఎందుకు నవ్వుతున్నావు తాతయ్యా అని అడిగింది. నేను నవ్వుతున్నానో లేదో నాకే తెలియలేదు.

ఆగస్టు మొదటి వారంలో తెనాలి చేరాము. విమానంలో ఎంతమంది దగ్గారో ఎవరికి తెలుసు? అయిదురోజులు మా ఇంట్లోనే ఉండి, జలుబూ జ్వరమూ లేవని చూసుకుని, ఆరోరోజు సాయంకాలం అక్క ఇంటికి వెళ్ళాను. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను, మాస్కు ముక్కు మీదనే ఉంది. అద్దాలు లేక గుమ్మం మసకగా కనిపించింది. అక్క వరండాలో చెంబు పట్టుకుని బిళ్ళగన్నేరు మొక్కలకు నీళ్ళు పోస్తున్నది.